కాపలావాడి గొంతు

"ఆ ముక్కతో మళ్ళీ మొదలుపెట్టండి" అంది రికార్డింగు చూసుకునే సౌండమ్మ.

అద్దానికి అవతల, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్న కంచుగారికి అది "ఆ ముక్కుతో మళ్ళీ మొదలుపెట్టండి" అని వినిపించింది. తప్పు ఆయన చెవులది కాదు. రెండు గదుల మధ్య మాటలు మోసే బుల్లి మైకు ముసలిదైపోయింది. హల్లుల్ని అందించి అచ్చుల్ని తన దగ్గరే ఉంచేసుకుంటుంది. ఆయన ఒకసారి ముక్కు తడుముకున్నాడు. నవలలో రెండో అధ్యాయం. కోట గుమ్మం దగ్గర కాపలావాడు రాకుమారి పల్లకీని ఆపి, "ఎవరైనా సరే, దిగి నడవాలి" అంటాడు. దాన్ని ముక్కుతో అనమంటున్నారు కాబోలు అనుకుని, రెండు ముక్కుపుటాలూ లోపల్నించే బిగించి మొదలుపెట్టాడు.

"ఎవరైదా సరే, దిగి దడవాలి."

సౌండమ్మ బల్ల మీద తల వాల్చేసింది. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. కాసేపటికి తేరుకుని మైకు నొక్కింది.

"ముక్కు కాదండీ. ముక్క. మీరు తడబడ్డ ముక్క."

"అలా చెప్పు మరి. కొమ్ము తగిలించి పంపితే నేను గుద్దించుకోనా?"

"ఇంకోసారి అనండి, అలాగే."

"ఎలా?"

"ముక్కుతోనే. బావుంది. ఉంచేద్దాం. ఎలాగూ వీడు రెండు పేజీల మనిషి." ఆమె వేలు మీట మీద ఆగింది. "మళ్ళీ రాడుగా?"

"రాడు" అన్నాడు కంచుగారు.

ముక్కూ ముక్కా తేడా అక్కడితో తేలిపోయింది, ఇద్దరూ హాయిగా నవ్వుకున్నారు. తేలనిది ఆ "రాడు". అది చెప్పే అర్హత పుస్తకం చివరిదాకా చదివినవాడికే ఉంటుంది. కంచుగారు చదివింది రెండు అధ్యాయాలు.

కంచు అనేది ఆయన పేరు కాదు, కంఠం. గొంతు కంచు, మనిషి మంచు. ఎవరైనా కాస్త వేడిగా చూస్తే కరిగి కారిపోతాడు. ఇరవై మూడేళ్ళు బస్టాండులో ఏ బస్సు ఏ వరసలోకి వస్తుందో మైకులో చెప్పాడు. ఆ గొంతు వింటే ఎక్కనక్కర్లేని బస్సు కూడా ఎక్కాలనిపించేదని జనం అనేవారు. తర్వాత యంత్రం వచ్చింది. దానికి జలుబు చెయ్యదు, సెలవు అడగదు, మధ్యలో టీ తాగదు. కంచుగారిని సాగనంపారు. ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు నోరు మూసుకున్నాడా అంటే, పాలు వచ్చాయన్న సంగతి కూడా మూడుసార్లు చెప్పేవాడు.

"వినపడింది. దించుకున్నాం. కాచేశాం కూడా" అనేది భార్య వంటింట్లోంచి.

అలాంటి రోజుల్లో ఈ పని దొరికింది. పుస్తకాలను చదివి రికార్డు చేసి, చదివే తీరికలేనివాళ్ళకు వినిపించే కంపెనీ అది. రెండు గదులు. కింద కుట్టు దుకాణం. కింద బట్టలు కుడతారు, పైన కట్టుకథలు చదువుతారు. కిందివాళ్ళు మిషన్లు ఆపితేనే పైవాళ్ళు నోరు తెరవాలి. గోడలకు మెత్తటి దూది పలకలు అతికించి ఉంటాయి. వాచీ పెట్టుకోకూడదు, గలగలలాడే చొక్కా వేసుకోకూడదు, ఖాళీ కడుపుతో రాకూడదు. కడుపు చేసే చప్పుడు కూడా మైకు వదలదు. అందుకని కంచుగారు గంటకో అరటిపండు తినేవాడు.

చదవాల్సింది ఏడు భాగాల చారిత్రక ప్రేమకథ. ఎప్పటివో రాజ్యాలు, రెండు కోటలు, ఒక రాకుమారి, ఆమెకు అండగా నిలిచే సేనాపతి. మొదటి భాగం ముప్పైనాలుగు అధ్యాయాలు. రచయిత్రి ఒక షరతు పెట్టింది. చదివే గొంతు తనకు నచ్చాలి, మొదటి భాగంలో కొన్ని అధ్యాయాలు విని తాను సంతకం పెడితేనే మిగతా ఆరు భాగాలు ఆ గొంతుకు ఇవ్వాలి. కంచుగారికి ఆ ఆరు భాగాలూ ఆరు ప్రాణాలు. ఎనిమిది నెలలకో భాగం విడుదల చేస్తారు కాబట్టి, దక్కితే నాలుగేళ్ళ మాట. దక్కకపోతే మళ్ళీ పాలు వచ్చాయి.

పనిలో చేరేరోజు ఓనరు అడిగాడు, "పుస్తకం పూర్తిగా చదివారా?"

"రెండుసార్లు."

పూర్తి అబద్ధం కాదు. రెండు అధ్యాయాలను రెండుసార్లు చదివాడు. మిగతావి ముందే చదివితే గొంతులో ఆశ్చర్యం చచ్చిపోతుందని ఆయన సిద్ధాంతం. బద్ధకానికి బొట్టుపెట్టి సిద్ధాంతమని పిలుస్తున్నాడని భార్య అభిప్రాయం.

పద్ధతి మాత్రం ఒకటి పెట్టుకున్నాడు. ఒక నోటుబుక్కులో గొంతుల పట్టీ రాసుకున్నాడు. పదో అధ్యాయంలో మాట్లాడిన మనిషి ఇరవయ్యో అధ్యాయంలో కూడా అదే గొంతుతో మాట్లాడాలి కదా. రాకుమారి: నెమ్మది, కొస తీపి. దాది: పొడి దగ్గు. రాజు: దవడ బిగువు. సేనాపతి: సొంత గొంతు, కల్తీలేని కంచు. కాపలావాడు: ముక్కు.

రెండు పేజీల కాపలావాడు మూడో అధ్యాయంలో మళ్ళీ వచ్చాడు.

"వచ్చాడే" అంది సౌండమ్మ.

"గుమ్మం వాడిది. కోటలోకి వచ్చేపోయేవాళ్ళకు కనబడక తప్పుతుందా?"

నాలుగులో వచ్చాడు. ఆరులో వచ్చి రాకుమారి గుర్రాన్ని నిమిరాడు. పదకొండులో వేరే రాజ్యపు భాష చదివేశాడు. పద్నాలుగులో ఏకంగా పద్యం చెప్పాడు.

"కాపలావాడికి కవిత్వం ఏమిటండీ?"

"రోజంతా గుమ్మానికి ఆనుకుని నిలబడాలి. నువ్వైనా చెబుతావు."

పదిహేడో అధ్యాయంలో తోటలో, రాకుమారి ఎదురుగా నిలబడి వాడు "నీ కన్నుల్లో వెన్నెల ఉంది" అన్నాడు. కంచుగారి నోట అది "దీ కద్దుల్లో వెద్దెల ఉంది" అయింది. ఆ మాటకు రాకుమారి గుండె ఝల్లుమందని రాసి ఉంది. సౌండమ్మ మైకు కట్టేసి, బయట మెట్ల మీద కూర్చుని, నవ్వు అయ్యాక లోపలికి వచ్చింది.

"వీడంటే ఈ పిల్లకెందుకండీ అంత ఇది?"

"జాలి" అన్నాడు కంచుగారు గట్టిగా. "జలుబు చేసినవాడంటే ఎవరికైనా జాలే." సందేహం రాకపోలేదు. వచ్చిన సందేహాన్ని ఆయన కూడా గుమ్మం దగ్గరే ఆపేశాడు. పేజీలు ముందుకు తిప్పి చూస్తే సరిపోయేది. తిప్పితే సిద్ధాంతం చెడుతుంది.

ఇరవై ఆరు అధ్యాయాలు అయ్యాయి. ఆదివారం వచ్చింది.

ఇంట్లో ముందుగదిలో బట్టల గుట్ట. కంచుగారు చొక్కాలు మడతపెడుతున్నాడు. భార్య కిటికీ పక్కన కూర్చుని అదే నవల తన తల్లికి చదివి వినిపిస్తోంది. అత్తగారికి చూపు మందగించి రెండేళ్ళయింది, చెవులు మాత్రం పాము చెవులు. కూతురు ఏ గొంతూ మార్చకుండా, చాకలిపద్దు చదివినట్టు గడగడా చదువుకుపోతుంది. రోజుకు రెండు అధ్యాయాలు. అల్లుణ్ణి ఎప్పుడో దాటేసి ముప్పై ఒకటికి చేరారు.

"చీకటి సొరంగంలో ముఖం కనబడకపోయినా ఆమె పోల్చుకుంది" చదువుతోంది భార్య. "మొదటిరోజు గుమ్మం దగ్గర పల్లకీ ఆపిన గొంతే. లోతైన బావిలో గంట మోగినట్టుండే ఆ గొంతు ఇంకొకరికి లేదు. కాపలావాడి వేషంలో ఇన్నాళ్ళూ తనను కాచినవాడు శత్రురాజు కొడుకు. సేనాపతి చేతిలో దగాపడిన యువరాజు."

కంచుగారి చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. మడతపడింది ఆయన మొహం.

"నేను చెప్పలా?" అంది అత్తగారు. "ఆ కాపలావాడు గొప్పింటి బిడ్డని మొదటిరోజే అన్నానా లేదా? ఆ సేనాపతి మాట్టాడితేనే నాకు ఒళ్ళు మండేది. అల్లుడుగారూ, మీకు తెలిసే ఉంటుందిలెండి, మీరు రెండుసార్లు చదివారుగా."

"ఏదీ, ఇంకోసారి చదువు" అన్నాడు కంచుగారు భార్యతో.

"ఎక్కణ్ణించి?"

"బావి. ఆ బావి దగ్గర్నించి."

ఆవిడ మళ్ళీ చదివింది. లోతైన బావి, గంట, ఇంకొకరికి లేని గొంతు. ఆ గొంతును ఆయన తీసుకెళ్ళి ద్రోహికి తొడిగాడు. కథానాయకుడికి జలుబు మిగిల్చాడు.

"ఏమైందండీ? మొహం అలా పెట్టారేం?"

"ఏం లేదు. చొక్కా నలిగింది."

సోమవారం పొద్దున సౌండమ్మ విషయం విని హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది. తర్వాత నిదానంగా అడిగింది.

"పద్యం చెప్పింది యువరాజా?"

"యువరాజే."

"వెద్దెల?"

"అదీ వాడే."

"రచయిత్రిగారు గురువారం వస్తున్నారండీ. వినడానికి."

ఆ సంగతి ఓనరు శనివారమే చెప్పి వెళ్ళాడు. చేతిలో మూడు రోజులున్నాయి. సౌండమ్మ కాపలావాడి మాటలన్నీ లెక్కపెట్టింది. మూడువందల పన్నెండు. వాటిని కత్తిరించి, ఆ ఖాళీల్లో కొత్త గొంతుతో చదివి అతికించేద్దామంది. సోమ, మంగళవారాలు ఇద్దరూ అదే పని చేశారు. కింద మిషన్లు ఆగినప్పుడల్లా కంచుగారు యువరాజు అయ్యేవాడు, మిషన్లు మొదలవగానే అరటిపండు తినేవాడు. మంగళవారం సాయంత్రానికి పంతొమ్మిదో అధ్యాయానికి వచ్చారు. అక్కడ గుమ్మం ముందు సేనాపతీ కాపలావాడూ మాటకు మాట అనుకుంటారు. అతికించి విన్నారు.

సేనాపతిదీ కంచే, కాపలావాడిదీ కంచే. ఒకే మనిషి తనను తాను నిలదీసుకుని, తనకు తానే అడ్డంగా జవాబు చెప్పుకుని, చివరికి తన మీద తానే కత్తి దూసుకున్నట్టుంది.

"ఇప్పుడు సేనాపతిని కూడా మార్చాలి" అంది సౌండమ్మ. "వాడు ఎన్ని మాటలు?"

"వాడు ఉపన్యాసాలు ఇస్తాడమ్మా. పేజీలు లెక్కపెట్టుకో."

అతుకులతో అయ్యే పని కాదని ఇద్దరికీ తెలిసిపోయింది. మొదటినుంచి మళ్ళీ చదవాలి. అది గురువారంలోగా దేవుడు దిగివచ్చినా అయ్యేది కాదు, ఎందుకంటే ఆయన వచ్చినా కింద మిషన్లు ఆగవు.

సౌండమ్మ తెరమీద జాబితాను పైకీ కిందకీ జరిపింది. "కాపలావాడు లేని అధ్యాయాలు మూడున్నాయి. ఒకటి, అయిదు, ఎనిమిది. అవే వినిపిద్దాం. సంతకం పెట్టేస్తారు. తర్వాత తీరిగ్గా అన్నీ మళ్ళీ చేసుకుందాం. ఎవరికీ తెలియదు."

కంచుగారు ఔననలేదు, కాదనలేదు. మూతి ముడిచి అరటితొక్కను చెత్తబుట్టలో వేశాడు. అది ఔననడమే.

గురువారం రచయిత్రి వచ్చింది. అరవై దాటిన మనిషి, పొట్టిగా, పక్కన వేలాడే గుడ్డసంచీ, అందులో పెట్టుకున్న కళ్ళజోడు కాక ఇంకో కళ్ళజోడు. మెట్లెక్కి కాసేపు ఆయాసం తీర్చుకుంది. ఓనరు కుర్చీ తుడిచి వేశాడు. సౌండమ్మ మొదటి అధ్యాయం పెట్టింది. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. అయిదు పెట్టింది. అందులో సేనాపతి యుద్ధానికి ముందురోజు సైనికులతో మాట్లాడతాడు. ఆ గొంతుకు గదిలో నీళ్ళసీసా మూత సన్నగా అదిరింది. ఎనిమిది కూడా అయ్యాక ఆవిడ కళ్ళు తెరిచింది.

"బావుంది" అంది. "చాలా బావుంది. దాదికి ఆ దగ్గు ఎక్కడ దొరికిందండీ మీకు?"

"మా పక్కింట్లో" అన్నాడు కంచుగారు.

ఓనరు కాగితాలు బల్లమీద పరిచాడు. ఆవిడ రెండో కళ్ళజోడు పెట్టుకుని కలం తీసింది. సౌండమ్మ ఊపిరి బయటికి వదిలింది.

"సేనాపతికి ఇంత గొంతు ఇచ్చేశారే" అంది ఆవిడ కలం మూత తీస్తూ. "అంటే కాపలావాడికి ఇంకేదో దాచి ఉంచారన్నమాట. ఒక ముక్క వినిపించండి."

"అవి ఇంకా శుభ్రం చెయ్యలేదండీ" అంది సౌండమ్మ చటుక్కున. "వెనకాల మిషన్ల చప్పుడు ఉంది. వచ్చేవారం పంపిస్తాను."

"సరేలే, తొందరేముంది." ఆవిడ కలాన్ని కాగితం మీద ఆనించి, ఉబుసుపోక అడిగినట్టు కంచుగారి వైపు చూసింది. "మీరు పాఠకులు కదా, అడుగుతున్నాను. వాణ్ణి ఎక్కడ పసిగట్టారు? పద్నాలుగో అధ్యాయంలో పద్యం దగ్గరా? నాకెప్పుడూ అదే భయం, అక్కడ తొందరపడి బయటపెట్టేశానేమోనని."

పద్యం దగ్గరే అంటే అయిపోయేది. ఒక్క మాట. సౌండమ్మ ఆయన వైపే చూస్తోంది, అనమన్నట్టు. ఆయన నోరు తెరిచాడు. ఎదురుగా ఉన్నావిడ నిజంగా తెలుసుకోవాలని అడుగుతోంది. ఆ జవాబును బట్టి ఆవిడ తన పద్యాన్ని తలుచుకుని సంతోషపడుతుంది, లేదా బాధపడుతుంది. ఉత్తుత్తి జవాబుకు.

"ఆదివారమండీ" అన్నాడు. "బట్టలు మడతపెడుతుంటే. మా అత్తగారు చెప్పారు."

"ఏమిటీ?"

"నేను పసిగట్టలేదు. నేను ఇరవై ఆరు చదివానంతే, అదీ చదువుతూ చదువుతూ. ముందు చదవలేదు. రెండుసార్లు చదివానని వీరికి అబద్ధం చెప్పాను. కాపలావాడు రెండు పేజీల్లో పోతాడనుకుని..." ఆయన వేలితో ముక్కు చూపించాడు. "వాడికి ముక్కు గొంతు పెట్టాను."

"ముక్కు గొంతు" అంది ఆవిడ.

"వినిపించమ్మా" అన్నాడు కంచుగారు.

"వద్దండీ."

"పర్లేదు, పెట్టు. పదిహేడు."

కత్తిరించక ముందరి పాత రికార్డు సౌండమ్మ దగ్గర ఉంది. పెట్టింది. తోట, పువ్వులు, రాకుమారి అడుగుల చప్పుడు. తర్వాత "దీ కద్దుల్లో వెద్దెల ఉంది." ఓనరు పక్కుమని నవ్వి, ఎవరూ నవ్వట్లేదని చూసుకుని, నవ్వును దగ్గులోకి మళ్ళించాడు. రచయిత్రి కలం మూత పెట్టేసింది.

"మళ్ళీ" అంది.

మళ్ళీ పెట్టారు. ఆవిడ పెదాలు బిగించుకుంది. మూడోసారి అడగలేదు.

"తప్పులో సగం నాది" అంది సౌండమ్మ. "మళ్ళీ రాడుగా అని అడిగాను. చదివారా అని అడగాల్సింది. ఆ మూడు అధ్యాయాలే వినిపిద్దామన్నదీ నేనే."

"ఆ మాట నువ్వెందుకమ్మా చెప్పడం?" అన్నాడు కంచుగారు.

"మీరు చెప్పారుగా."

కింద మిషన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఎవరి కడుపో గుర్రుమంది. ఓనరుదే అయ్యుండాలి.

"ఈ భాగం నేను ఏడేళ్ళు రాశాను" అంది రచయిత్రి చివరికి. "ఇరవయ్యో అధ్యాయం దాకా వాడు ఉత్త కాపలావాడే. నాకూ తెలియదు. సేనాపతితో పెళ్ళి చేద్దామనే బయల్దేరాను. రాస్తూ రాస్తూ ఉంటే ఈ గుమ్మం దగ్గరివాడు మాటిమాటికీ వస్తున్నాడు. ఎందుకొస్తున్నాడో అర్థమయ్యాక వెనక్కెళ్ళి రెండో అధ్యాయం నుంచి అంతా మళ్ళీ రాశాను. చెయ్యి పడిపోయింది."

కంచుగారు తల ఎత్తాడు.

"అలాగని మీది తప్పు కాదని కాదు. నేను రాసేటప్పుడు చివరి పేజీ లేదు. మీకు ఉంది. చేతిలోనే ఉంది."

"అవునండీ."

"మళ్ళీ చదవడానికి ఎన్నాళ్ళు?"

"పన్నెండు రోజులు. ఆదివారాలు కూడా వస్తాను."

"ఆదివారాలు అత్తగారి దగ్గర కూర్చోండి. పదిహేను తీసుకోండి. సంతకం అప్పుడు, అంతా విన్నాక. నచ్చకపోతే పెట్టను, మొహమాటం లేదు." ఆవిడ కాగితాలు ఓనరు వైపు తోసింది. "పెట్టినా సరే, రెండో భాగం మొదలుపెట్టే ముందు మా ఇంటికి రావాలి. వచ్చి, మొదటినుంచి చివరిదాకా కథ నాకు నోటితో చెప్పాలి. ఎక్కడ తడుముకున్నా ఈ గదిలోకి రానివ్వను."

"మీరే కాపలా కాస్తానంటే నేనెలా దాటుతానండీ?" అన్నాడు కంచుగారు. ఆవిడ నవ్వు మాత్రం రానివ్వలేదు, కానీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ఇంతసేపూ వాళ్ళ మొహాల వంక మార్చిమార్చి చూస్తున్న ఓనరు గొంతు సవరించుకున్నాడు. ఏడు భాగాలు కొన్నవాడు ఆయనే. ఒక్క పేజీ తిప్పనివాడూ ఆయనే.

"ఒక్క మాట అడగచ్చా? ఇప్పుడు ఆ అమ్మాయి సేనాపతిని చేసుకోదా? అట్టమీద ఇద్దరి బొమ్మా వేయించానే."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సౌండమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. రచయిత్రి సంచీ కింద పెట్టింది. మొదలుపెట్టింది కంచుగారు.

"అయ్యా, కోట గుమ్మం దగ్గర ఒక కాపలావాడు ఉంటాడు. వాడు కాపలావాడు కాదు. పక్క రాజ్యపు యువరాజు. సేనాపతి వాడి రాజ్యాన్ని దగాచేసి పట్టుకుంటే, వేషం మార్చుకుని ఇక్కడ చేరాడు. రాకుమారి చీకట్లో వాణ్ణి గొంతు బట్టి గుర్తుపడుతుంది. ఆ గొంతు లోతుగా, గంటలా ఉంటుంది. నేను ఆ గొంతు తీసుకెళ్ళి సేనాపతికి పెట్టాను."

"ముక్కు గొంతు?"

"యువరాజుకు పెట్టాను."

ఓనరు రెండు వేళ్ళు చాచాడు. వేళ్ళమీద ఏదో సరిచూసుకున్నాడు. సేనాపతి ఒక వేలు, యువరాజు ఒక వేలు, ఆ రెంటినీ అటుదిటూ ఇటుదటూ మార్చి చూశాడు.

"ఓహో" అన్నాడు. "అయితే మనకు చెడ్డవాడు బాగా కుదిరాడు."

"చాలా బాగా" అంది రచయిత్రి.